వరద విడిచిన నీళ్ళు

తాడేపల్లిగూడెం స్టేషను దగ్గర ఎరువుల కొట్టు మీద ఒక మేడగది ఉంది. పొద్దున పూట దాని కిటికీలోంచి ఆడవాళ్ళ గొంతులు వీధిలోకి వినబడుతుంటాయి. కొత్తగా వినేవాళ్ళు ప్రార్థన కాబోలనుకుంటారు. ప్రార్థన కాదు, అరబ్బీ పాఠం.

“జీబీ!” అంది సరోజ.

“పట్రా!” అన్నారు చాపల మీద కూర్చున్నవాళ్ళు.

“రూహీ!”

“వెళ్ళు!”

“ఘస్లీ!”

“కడుగు!”

గోడకున్న బోర్డు నిండా ఇవే మాటలు. దాన్ని రాయించింది జగ్గారావు. కువైట్‌లో చాలాకాలం కారు నడిపి వచ్చి, అక్కడ ఇంటిపనికి వెళ్ళే ఆడవాళ్ళ కోసం ఈ ట్రైనింగ్ సెంటరు పెట్టాడు. చెడ్డవాడు కాడు. “అక్కడ మన చెవిన పడేవి ఇవేనండి సరోజగారూ. ఇవి అర్థమైతే చాలు, తిట్లు తప్పుతాయి” అంటాడు.

సరోజకి ఆ బోర్డంటే చిరాకు. అన్నీ ఒకరు చెబితే ఇంకొకరు చేసేవే. అందుకని వాటిని గబగబా వల్లె వేయించేసి, సుద్దముక్క తీసుకుని నల్లబల్ల మీద పేర్లు రాయడం మొదలెడుతుంది. జీతానికి రాతిబ్, సెలవుకి ఇజాజా, పాస్‌పోర్టుకి జవాజ్, మందుకి దవా, ఫోనుకి తలిఫూన్.

“పట్రా, పెట్టు అని వాళ్ళంటారమ్మా. మనకేం కావాలో దాని పేరు మటుకు మన నోట్లో ఉండాలి. పేరు తెలీకపోతే ఏడ్చి చూపించుకోవాలి” అంటుంది.

ఆ వేళ తెల్లారినప్పట్నుంచీ ముసురు పట్టింది. కిటికీ కింద రేకుల మీద వాన సన్నగా, ఎడతెగకుండా చప్పుడు చేస్తోంది.

“మరి వానని ఏవంటారండీ?” అని అడిగింది వీరదుర్గ. కైకలూరులో చేపలకి ఐసు కొట్టే షెడ్డులో పనిచేసిన మనిషి. ఐసు పట్టీ పట్టీ ఆమె వేళ్ళ చివర్లు తెల్లగా పగిలి ఉంటాయి. పాపని తల్లి దగ్గర వదిలి రోజూ బస్సూ రైలూ మారి పాఠానికొస్తోంది.

“మతర్” అంది సరోజ. అని, కిటికీ వైపు చూసి ఆగిపోయింది. “మతర్ అంటే వానే. కానీ ఈ వానని మతర్ అంటే మా మామా ఒప్పుకునేది కాదు.”

“మీ మావయ్యగారాండీ?” అందొకావిడ. అందరూ నవ్వారు. సరోజా నవ్వింది.

“మావయ్య కాదు. అక్కడ ఇంటి పెద్దావిణ్ణి మామా అంటారు. నేను చూసుకున్న పెద్దావిడ పేరు హెస్సా. హెస్సా అంటే వాటా. మన పొలాల పంపకాల్లో హిస్సా అంటారే, ఆ మాటే. ఉరుమూ మెరుపూ లేకుండా, గాలి లేకుండా, అలా పట్టు వదలకుండా కురిసేదాన్ని ఆవిడ దీమ అనేది. దామ అంటే నిలిచి ఉండటం. అందులోంచి వచ్చింది.”

“ముసురండి!” అంది దుర్గ.

“ముసురే.”

సరోజ సుద్దముక్కని వేళ్ళ మధ్య తిప్పుతూ నిలబడిపోయింది. హెస్సాకి చూపు ఆనేది కాదు. అరుదుగా వాన పడితే కిటికీ అద్దం మీద అరచెయ్యి ఆనించి వినేది. మనవలు ఇంగ్లీషులో మాట్లాడుకుంటూ మంచం పక్కనుంచే వెళ్ళిపోయేవారు. ఆవిడ పిలిచేది సరోజనే. ఒక వేలు చూపిస్తే దీమ అనాలి. రెండు వేళ్ళు చూపిస్తే దీమతేన్. అరచెయ్యంతా విప్పితే దియమ్. తప్పు చెబితే మళ్ళీ మొదట్నుంచీ. పక్క దుప్పటి మారుస్తున్నా, కాళ్ళకి నూనె రాస్తున్నా ఆ వేళ్ళు లేస్తూనే ఉండేవి.

“ఒకటికో మాట, రెండుకో మాట, చాలా ఉంటే ఇంకో మాటాండీ?” అంది దుర్గ.

“అంతే. మనం చివర ‘లు’ తగిలించి ఊరుకుంటాం. వాళ్ళు చాలా మాటల్ని లోపల విరిచి మళ్ళీ కడతారు. వరదొచ్చి పోయాక గుంటలో మిగిలిపోయిన నీళ్ళుంటాయి చూడూ, దాన్ని ఘదీర్ అంటారు. అలాంటివి చాలా ఉంటే ఘుద్రాన్.”

“ఎవుక విరిగి అతుక్కున్నట్టు.”

“వాళ్ళూ దాన్ని విరుపు బహువచనమనే అంటారు. ఘదర అంటే వదిలేసి పోవడం. వరద వదిలేసి పోయిన నీళ్ళు కాబట్టి ఘదీర్. మనిషిని నమ్మించి వదిలేస్తే ద్రోహం కదా, ఆ మాట పుట్టిందీ అందులోంచే.”

“అయితే మా కొల్లేటి చుట్టూ అన్నీ ఘుద్రానేనండీ” అంది దుర్గ. తనకి తెలిసిన నీళ్ళకి కొత్త పేరు దొరికినందుకు ఆమె మొహం వెలిగింది.

అంతలో మెట్ల మీంచి జగ్గారావు కేకేశాడు. “సరోజగారూ, కువైట్ మేడమ్ లైన్లో ఉందండి. దుర్గని తీసుకుని రండి.”

*

జగ్గారావు ఆఫీసు గదిలో ఫోనుని పూలకుండీకి ఆనించి పెట్టాడు. తెర మీద నలభై ఏళ్ళావిడ. పేరు నూరా. మంచాన పడ్డ తల్లిని ఎత్తడానికీ కడగడానికీ మనిషి కావాలంది.

“చేతులు చూపించమను.”

దుర్గ చేతులు చాపింది.

“వెనక్కి తిరగమను.”

తిరిగింది.

“నవ్వుతుందా?”

సరోజ తెలుగులో చెప్పింది. దుర్గ నవ్వడానికి కొంచెం టైము పట్టింది. చీర కొట్టులో బొమ్మని తిప్పి చూస్తున్నట్టుంది ఆ వ్యవహారం. సరోజకి తన మొదటి రోజు గుర్తొచ్చింది. అప్పుడు ఇలాంటి ఫోన్లు లేవు కాబట్టి ఎయిర్‌పోర్టులో తిప్పి చూశారు.

“ఆ అమ్మాయికి ఏమైనా అడగాలనుందా?” అంది నూరా.

దుర్గ ఈ మాట కోసమే ఎదురుచూస్తున్నట్టుంది. “ఫోను నా దగ్గరే ఉంచుకోనిస్తారేమో అడగండి మేడమ్. మా పాపతో రోజూ మాట్లాడాలండి.”

ఫోనుకి కనబడకుండా నిలబడ్డ జగ్గారావు అరచెయ్యి అడ్డంగా ఊపాడు. “వద్దు వద్దు. మొదట్లోనే ఫోనంటే ఆవిడ ఇంకో సెంటరు చూసుకుంటుందండి. పని పోద్ది” అన్నాడు గుసగుసగా.

సరోజ తెర వైపు తిరిగింది. తర్వాత అరబ్బీలో, “మీ అమ్మగారిని సొంత అమ్మలా చూసుకుంటానంటోంది” అంది.

నూరా బాగుందన్నట్టు తలాడించింది. అప్పుడే ఆవిడ వెనకాల మంచం మీంచి ముసలి గొంతొకటి లేచింది. “ఏమిటా చప్పుడు? అక్కడ వానా? మతర్?”

“మతర్ కాదు యుమ్మా, దీమ” అంది సరోజ. ఆలోచించి అన్న మాట కాదు, నోటికి దానంతటదే వచ్చేసింది. యుమ్మా అంటే అక్కడ అమ్మా అనే.

నూరా తల తిప్పి మంచం వైపు చూసింది. తర్వాత ఫోను ఊగింది, గోడలూ పరదాలూ తిరిగాయి, గోరింటతో ఎర్రబడ్డ జుట్టూ ముడతల మొహమూ తెర నిండా వచ్చాయి.

“చాలా ఉంటే?” అంది ఆ ముసలావిడ.

“దియమ్.”

“భూమి మీద గుర్తు వేసే మొదటి వాన?”

“వస్మీ. వాత పెట్టినట్టు పచ్చటి గుర్తు వేస్తుంది కాబట్టి.”

ముసలావిడ నవ్వింది, నవ్వి దగ్గింది. “నూరా, విన్నావా? నా కడుపున పుట్టినవాళ్ళకి రాదు ఈ మాట. ఎవరు నేర్పారు నీకు?”

“హెస్సా అనే పెద్దావిడ యుమ్మా. పోయారు.”

“దేవుడు ఆమెని కరుణించుగాక” అంది ఆవిడ. “నా పేరు మూదీ. నువ్వు మళ్ళీ మాట్లాడు.”

*

సాయంత్రం సరోజ రైలు దిగి, భీమడోలు స్టేషను బయట షేర్ ఆటోలో కూర్చుంటుండగా జగ్గారావు ఫోను చేశాడు.

“ఏవండీ సరోజగారూ, అదృష్టం అంటే మీదేనండి! దుర్గ వద్దంట. మీరే రావాలంట. ఆ ముసలావిడ అన్నం ముట్టనని కూర్చుందంట.”

“మరి దుర్గ?”

“ఆవిడకి ఇంకో ఇల్లు చూద్దాంలెండి. మీరు ఊఁ అనండి చాలు.”

ఆటో కొల్లేటి వైపు తిరిగింది. రోడ్డుకి రెండు వైపులా చేపల చెరువులు, గట్ల మీద మేత బస్తాలు, కాలవలో గుర్రపుడెక్క. సరోజ అవేమీ చూడలేదు. యాలకులు దంచి వేసిన పల్చటి కాఫీ వాసన ఎక్కణ్ణుంచో వచ్చి ముక్కు దగ్గర నిలబడింది. నున్నటి వంటగది గచ్చూ, మధ్యాహ్నం అందరూ పడుకున్నాక ఏసీ చేసే గురకా, ‘సరూజా’ అన్న పిలుపూ వరసగా గుర్తొచ్చాయి.

ఇంటికొచ్చేసరికి తమ్ముడు జేమ్స్ భార్య ప్రసన్న అరుగు మీద చేపలు తోముతోంది. విషయం విని చెయ్యి ఆపింది.

“మళ్ళీనాండీ వదినగారూ? ఇక్కడేం తక్కువైందండీ మీకు?”

ఏమీ తక్కువ కాలేదు. తమ్ముడు గౌరవంగా చూస్తాడు, మరదలు వేడి నీళ్ళు పెట్టిగానీ పిలవదు, ఆదివారం చర్చిలో ముందు వరసలో చోటిస్తారు. అక్కడున్నన్నాళ్ళూ ఈ నీళ్ళ కోసం, ఈ గాలి కోసం దిండులో మొహం పెట్టి ఏడ్చింది. పరాయిచోట ఉండటాన్ని ఘుర్బా అంటారని హెస్సా నేర్పింది అలా ఏడుస్తున్నప్పుడే. తీరా ఇంటికొచ్చాక ఆ మాటా పెట్టెలో పడి తనతో వచ్చేసింది. ఇంటి మీద బెంగంటే ఎవరికైనా అర్థమౌతుంది. అంట్లు తోమిన ఇంటి మీద బెంగంటే ఎవరు నమ్ముతారు?

“ఆవిడ మాట్లాడమంది ప్రసన్నా” అంది చివరికి.

“మాకూ మాట్లాడాలనే ఉంటదండి. మీరే ఎక్కడో ఉంటారు” అంది ప్రసన్న, తల వంచుకుని మళ్ళీ పనిలో పడుతూ.

ఆ మాట సరోజకి తగిలింది గానీ మనసు అప్పటికే బయల్దేరిపోయింది. అటక మీంచి సూట్‌కేసు దింపి తుడిచింది. జగ్గారావుకి ఫోను చేసి, “వెళ్తానండి” అంది.

*

మర్నాడు పాసింజరులో ఆడవాళ్ళ పెట్టె ఎక్కేసరికి, ఏలూరులోనే ఎక్కిన దుర్గ కిటికీ పక్కన కూర్చుని ఉంది. సరోజని చూడగానే లేచి చోటిచ్చింది.

“కూర్చోండి మేడమ్. జగ్గారావుగారు చెప్పారండి. ఆ ముసలావిడ పెట్టి పుట్టిందండి, మీలాంటి మనిషి దొరుకుతున్నారు.”

ఎత్తిపొడుపేమోనని సరోజ ఆమె మొహంలోకి చూసింది. అలాంటిదేమీ లేదు. సంచిలోంచి ఉడకబెట్టిన వేరుశెనక్కాయలు తీసి సరోజ చేతిలో పోసింది. రైలు కదిలింది. వానకి పడిపోయిన వరి చేలల్లో మనుషులు మోకాలి లోతున దిగి కంకుల్ని లేవనెత్తి జుట్టు ముడిచినట్టు కట్టలు కడుతున్నారు.

“ఒకటి అడగనాండి? కోపం తెచ్చుకోకూడదు” అంది దుర్గ కాసేపటికి.

“అడుగు.”

“నిన్న నేనడిగింది మీరు ఆవిడకి చెప్పలేదు కదండీ?”

సరోజ చేతిలో కాయ చితకలేదు. “ఎందుకలా అనుకున్నావు?”

“తలిఫూన్ అన్న మాట వినబళ్ళేదండి. ఉమ్ అని వినబడింది. అమ్మ అని కదండీ? అది మటుకు వినబడింది. తలిఫూన్ కోసం చివరిదాకా చెవులు రిక్కించానండి. రాలేదు.” దుర్గ వేరుశెనగ తొక్కల్ని ఒళ్ళోంచి జాగ్రత్తగా కాగితంలోకి తీసింది. “పనికోసం అలా అనుంటారులెండి. నాకర్థమైంది. ఊరికే అడిగానంతే.”

సరోజ చేతిలో కాయల్ని ఒళ్ళో పోసుకుంది. రైలు పూళ్ళ దాటింది. చేబ్రోలులో పాలక్యాన్ల వాళ్ళు దిగారు. పేరు మన నోట్లో ఉండాలని రోజూ బల్ల గుద్ది చెప్పిన మనిషి, తీరా అవసరమైనప్పుడు ఆ ఒక్క పేరునే మింగేసింది. అది మింగినచోట తనకి చోటు దొరికింది.

“నువ్వు ఐసు దిమ్మలు ఎత్తేదానివా దుర్గా?” అంది, రైలు ఉంగుటూరు వదిలాక.

“ఎత్తేదాన్నండి. ఇద్దరం పట్టుకుని లారీలో వేసేవాళ్ళం. ఏవండీ?”

“ఏం లేదు.”

*

“జగ్గారావుగారూ, ఆవిడకి కలపండి” అంది సరోజ, ఆఫీసు గదిలోకి రాగానే, చెప్పులైనా విడవకుండా.

జగ్గారావు ఉత్సాహంగా కలిపాడు. పాఠానికొచ్చిన ఆడవాళ్ళు గుమ్మం దగ్గర గుమిగూడారు. తెర మీద నూరా నిద్రమొహంతో కనబడింది. అక్కడ ఇంకా పొద్దు ఎక్కలేదు.

“నేను రావడం లేదు మేడమ్” అంది సరోజ అరబ్బీలో.

అరబ్బీ తెలిసిన జగ్గారావు కుర్చీలోంచి లేచాడు. “ఏవండీ! ఏవండీ!”

“నా నడుము పనిచెయ్యదు. మీ అమ్మగారిని ఎత్తలేను. పక్క మార్చేటప్పుడు పడేస్తాను. దుర్గ ఐసు దిమ్మలెత్తిన మనిషి. మోతకి ఆ పిల్ల కావాలి మీకు, మాటలకైతే నేను కావాలి. రెండూ దొరికే దారి ఒకటుంది.”

“ఏమిటది?”

“దుర్గ ఫోను దుర్గ దగ్గరే ఉండాలి. నిన్న తను అడిగింది అదే. నేను మీకు వేరేగా చెప్పాను, తప్పు నాది. కూతురితో మాట్లాడుకుంటుంది. సాయంత్రం పూట ఆ ఫోన్లోనే నేను అమ్మగారితో మాట్లాడతాను.”

నూరా మొహం బిగుసుకుంది. “మా ఇంట్లో పనివాళ్ళ ఫోన్లన్నీ నా దగ్గరుంటాయి. రాత్రి కాసేపు ఇస్తాను. అందరికీ అలాగే.”

“అయితే అమ్మగారికీ రాత్రి కాసేపే దొరుకుతాను” అంది సరోజ.

జగ్గారావు రెండు చేతులూ నెత్తిన పెట్టుకున్నాడు. ఫోనులోంచి చేతికర్రతో మంచంకోడుని కొట్టినట్టు చప్పుడొచ్చింది.

“నూరా!” అంది ముసలి గొంతు. “ఖల్లీహ్ ఇందహా!”

పదేళ్ళ పిల్లని గదమాయించినట్టుంది. నూరా వెనక్కి తిరిగింది. గుమ్మం దగ్గర నిలబడ్డవాళ్ళలో ఒకావిడ, పాఠం అలవాటు కొద్దీ, “దాని దగ్గరే ఉండనీ!” అంది గట్టిగా. అనేసి నాలిక్కరుచుకుంది. అందరూ గొల్లుమన్నారు. దుర్గ మటుకు నవ్వలేదు. తెరవైపే చూస్తోంది.

నూరా పెద్దగా ఊపిరి వదిలింది. “సరే. పిల్లని పంపించండి.”

ఫోను పెట్టేశాక జగ్గారావు మొహం తుడుచుకున్నాడు. “ముందే చెప్పుంటే బావుండేది కదండీ సరోజగారూ!”

“చెయ్యడ్డం పెట్టింది మీరే కదండీ.”

ఆయన ఏదో అనబోయి, కిటికీలోంచి కిందికి వంగి, అందరికీ టీలు పంపించమని కేకేశాడు.

ఇంటికెళ్ళాక సూట్‌కేసుని సరోజ తనే అటక మీదికి తోసింది. స్టూలు దిగుతుంటే కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి. ప్రసన్న చూసి, ఏమీ అడక్కుండా పక్కన పీట వేసుకుని కూర్చుంది. ఆ వేళ ఇద్దరూ చింతపండు పిక్కలు తీస్తూ పొద్దుపోయేదాకా మాట్లాడుకున్నారు.

*

దుర్గ వెళ్ళాక మొదట్లో ఫోను రాలేదు. చేరానని జగ్గారావుకి కబురొచ్చింది, అంతే. మాట తప్పారేమోనని సరోజకి అన్నం సయించలేదు. పాఠం చెబుతున్నా కళ్ళు ఫోను మీదే.

ఒక సాయంత్రం కొల్లేటి గట్టు మీద, జేమ్స్ దోనె కట్టేసే చోట కూర్చుని ఉండగా అది మోగింది. తెర మీద దుర్గ. తలకి స్కార్ఫు కట్టుకుంది. మొహం కొంచెం పీక్కుపోయింది.

“మేడమ్, సిమ్ము ఇవ్వడానికి ఇన్నాళ్ళు పట్టిందండి. పాపతో ఇప్పుడే మాట్లాడాను. ఉండండి, పెద్దావిడ దగ్గరికి తీసుకెళ్తున్నా.”

మూదీ దిండ్లకి ఆనుకుని కూర్చుని ఉంది. పలకరింపులయ్యాక, “ఎప్పుడూ నా మాటలేనా? నీ మాటొకటి ఇవ్వు. నీ ముందేముంది?” అంది.

సరోజ ఫోను నీళ్ళవైపు తిప్పింది. పక్షులు బారులు బారులుగా వచ్చి వాలుతున్నాయి. “గూడకొంగ.”

“రెండు ఉంటే?”

“రెండు గూడకొంగలు.”

“ఆకాశం నిండా ఉంటే?”

“గూడకొంగలే.”

“రెండుకీ లోకమంతటికీ ఒకటే మాటా? బీద భాష” అని ముసలావిడ పెదవి విరిచింది.

పక్కనుంచి దుర్గ తెలుగులో అందుకుంది. “బీదేం కాదని చెప్పండి మేడమ్. వీళ్ళకి మనం, మేము రెండూ ఒకటేనండి. అన్నిటికీ ఇహ్నా అంటారు. ‘ఇహ్నా భోంచేద్దాం’ అంటారు, అందులో నేనున్నానో లేదో తెలవట్లేదండి. లేచి నిలబడాలో, కూర్చోవాలో.”

హెస్సా ఇంట్లో అన్నేళ్ళు ఆ మాటని వింటూ, గుమ్మం దగ్గర అలాగే నిలబడేది సరోజ. ఎందుకు నిలబడేదో ఎప్పుడూ ఆలోచించలేదు.

“ఏమంటోంది?” అంది మూదీ.

“మా భాషలో రెండు ‘ఇహ్నా’లున్నాయి యుమ్మా. ఎదుటి మనిషిని బయట పెట్టేది ఒకటి, లోపల కలుపుకునేది ఒకటి.”

ముసలావిడ దుప్పటి అంచుని వేళ్ళతో సర్దుకుంది. దుర్గవైపు ఒకసారి చూసింది.

“లోపల కలుపుకునేది ఏది?”

“మనం.”

“మనమ్” అంది మూదీ. నాలుకకి కుదరక మళ్ళీ అంది. “మనమ్.” తర్వాత దుర్గకేసి చెయ్యి ఊపి, “మనమ్... గహ్వా” అంది.

“కాఫీ తెమ్మంటున్నారండి” అంది దుర్గ, కొంచెం తడబడి. “నాకు కూడానేమోనండి. వెళ్ళి పెడతాను. మీరుండండి.”

ఫోను ఆమె గౌను జేబులోకి జారింది. తెర నల్లబడింది గానీ కాల్ తెగలేదు. సరోజ ఫోనుని చెవికి ఆనించుకుంది. గచ్చు మీద చెప్పుల చప్పుడు వినబడింది. ఏదో తలుపు తెరుచుకుంది. కుళాయి తిరిగింది. గిన్నెలోకి నీళ్ళు పడ్డాయి. యాలకులు దంచుతున్న చప్పుడు, చిన్నగా, తేలిగ్గా.

దోనె విప్పడానికొచ్చిన జేమ్స్ ఏదో అడగబోతే చెయ్యెత్తి ఆగమంది.

పళ్ళెంలో కప్పు పెట్టిన చప్పుడైంది. ఒకటి. కాస్త ఆగి, ఇంకొకటి.